వాన పడని ఫైనల్

ఎనభైల మొదట్లో, జెర్సీ సిటీ నుంచి మాన్‌హట్టన్ వెళ్లే రైల్లో నా పక్కన ఒక పెద్దాయన ఒళ్లో నోట్‌బుక్ పెట్టుకుని, పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాడు. బ్రెజిల్‌లో ఆయన చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు యాభై ఏళ్లు నిండుతున్నాయట. చరిత్ర రాసిపెట్టమని ఈయన్నే అడిగారట. అంతా అయింది, ఒక్క ఫైనల్ తప్ప.

"ఓడిపోయాం. తేలిక బంతి, గోల్‌కీపర్ కాళ్ల మధ్య నుంచి పోయింది," అన్నాడు.

"ఎవరా గోల్‌కీపర్?"

"నేనే."

నాకు జాలేసింది. ఇలాంటి విషయాల్లో కాస్త అనుభవం కూడా ఉంది. "వాన పడిందని రాయండి సార్. తడి బంతి ఎవరికైనా జారుతుంది."

ఆయన నవ్వాడు. "ఆ రోజు మండే ఎండ, మై ఫ్రెండ్. ఊరంతా చూసింది. అక్కడ వాన కురిపిస్తే, మేం గెలిచిన కప్పులు కూడా ఎవరూ నమ్మరు."

ఒక్క వాక్యం రాసి నోట్‌బుక్ నా వైపు తిప్పాడు. పోర్చుగీసు భాష. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, బాగుందన్నట్టు తలూపాను. ఆయన పెన్ను మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు.

అప్పటినుంచి నా ఓటముల గురించి చెప్పేటప్పుడు వాన తగ్గించాను. పూర్తిగా మానేశానంటే, అదీ వానే అవుతుంది.