బక్కమ్మ పసుపు గడపలు

గిర్మాజీపేటలో మా ఓనరమ్మ పేరు బక్కమ్మ. పేరుకే బక్కమ్మ, మనిషి గుమ్మానికి నిండుగా ఉండేది. ఆ పాత ఇంట్లో కిరాయిగదుల పెచ్చులు ఊడినా, కప్పు కురిసినా ఆమెకు చీమ కుట్టినట్టయినా ఉండదు. గడపలు మాత్రం తళతళలాడాలి. శుక్రవారం పూటైనా గడపకు పసుపు రాయడానికి కిరాయిదార్లకు ఒళ్లు వంగదని ఆమె గొణుగుడు. అందుకే తాను పెళ్లై ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ దసరాకు పసుపుపచ్చ ఆయిల్ పెయింట్ తెచ్చి, పాత పూత మీదే కొత్తది వేసి, ఎర్రబొట్లు పెట్టేది.

"ఇగ ఏడాదంతా లక్ష్మి మనింట్లనే ఉంటది" అనేది.

"నున్నగుంది, లక్ష్మి జారిపడుతదేమో జర చూడు అత్తమ్మా" అని కిరాయికుండే నేను వరస కలిపి ఆట పట్టించేదాన్ని.

ఎనభై నాలుగులో పక్కగది రాజేశ్వరి కూతురు మంజులకు పళ్లు వస్తున్నాయి. పాక్కుంటూ వచ్చి, పెచ్చులు లేచిన గడపను రెండు చేతులతో పట్టుకుని కొరికేది. బక్కమ్మ మురిసిపోయి, "ఉండనీయ్ బిడ్డా, లక్ష్మిని ముద్దు పెట్టుకుంటాంది" అని ఆపనిచ్చేది కాదు.

కొన్నాళ్లకు పిల్ల తిండి మానేసి, కడుపు నొప్పితో మెలికలు తిరిగింది. బక్కమ్మ దిష్టి తీసింది. తగ్గకపోతే అందరం దవాఖానకు పోయాం. ఎక్స్‌రేలో పొట్టనిండా తెల్లని చుక్కలు కనబడ్డాయి.

"ఏం తింటదమ్మా ఈ పిల్ల?" అన్నాడు డాక్టర్.

గడప సంగతి విని తల పట్టుకున్నాడు. ఆ చుక్కలు మింగిన పెయింట్ పెచ్చులేననీ, వాటిలో సీసం ఉంటుందనీ, అది రక్తంలో కలిసి మెదడుదాకా పోతుందనీ చెప్పాడు. గీకితే లేచే దుమ్ము ఇంకా చెడ్డదట.

గడప పీకడమంటే బక్కమ్మ ప్రాణం పీకడమే అనుకున్నాం. కానీ ఆ సాయంత్రమే ఆమే వడ్రంగి పని చేసే వడ్లాయనను పిలిపించి, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లించి, గడపలన్నీ ఊడదీయించింది. మందులతో పిల్ల మెల్లగా కోలుకుంది.

ఆఖరుసారి చూపించడానికి పోయినప్పుడు మంజులను బక్కమ్మ కూతురు అరుణ ఎత్తుకుంది. పదో తరగతి తప్పి ఇంట్లో ఉంటున్న పిల్ల. "మొద్దుదానా" అన్నదే బక్కమ్మ నోట ఆమె పేరు.

"పిల్ల బరువు పెరిగింది. చదువెట్ల వస్తదో మాత్రం బడికి పోయినంకనే తెలుస్తది" అన్నాడు డాక్టర్.

బక్కమ్మ అరుణ వైపు తిరిగి చూసింది. తర్వాత, "మా అరుణ గూడ చిన్నప్పుడు గా గడపనే కొరికేది సారూ. దానికి చదువు రాంది గందుకేనా?" అంది.

"ఇప్పుడేం చెప్పలేనమ్మా" అన్నాడాయన.

బక్కమ్మ అందరి ముందే కూతురి తల నిమిరి ఏడ్చింది. అరుణకు ఏమీ అర్థం కాలేదు.

"ఏమైందమ్మా? పిల్ల మంచిగైందన్నడు గద" అని నవ్వింది.