చేతిలో మిగిలిన రెండు గాజులు

నర్మెట్ట నుంచి జనగామ వెళ్లే బస్సులో నా ఒడిలో పాప, చేతిలో బీఎడ్ ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు. నేను ఇంట్లోనే చీరలు తెచ్చి అమ్ముతాను. ఏడాది ఆదాయం రాయమన్న చోట అమ్మకమంతా కలిపి రాస్తే పరిమితి దాటిపోయింది. ఫీజు కట్టే శక్తి మాకు లేదు. ఇక చదువు లేనట్టే అనుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏంది బేటీ, గంత పరేషాన్?" అంది పక్క సీట్లో గాజుల మూటతో ఉన్న నడివయసు ముస్లిం ఆవిడ.

సంగతి చెప్పాను.

"షావుకారు నీకు చీరలు ఊకెనే ఇస్తుండా?" అని నవ్వి, మూట విప్పి డజను గాజులు నా అరచేతిలో పెట్టింది. "గివన్నీ అమ్మిన అనుకో. ఎనిమిది షావుకారుకు. ఒకటి సంచిలనే పలిగె. ఒకటి బేరం చేసి ఊకెనే గుంజుకపోయిరి. బస్సు ఫ్రీ, దానికేం లేదు."

ఒక్కొక్కటే తీసేస్తే రెండు మిగిలాయి.

"ఇగో, గిదీ నా ఆమ్దాని, నాకొచ్చే ఆదాయం. మా బిడ్డ కాలేజీ కాయితంల గిదే రాసిన."

ఆ రెండూ పాప చేతికి తొడిగి, "ముప్పై రూపాయలియ్యి" అంది. అడిగినంతా తీసి ఇచ్చాను.

"బేరం చెయ్యవేంది బేటీ! గిట్లయితే నీకేం మిగుల్తది?" అని నవ్వింది ఆవిడ.

జనగామ బస్టాండులో కూర్చుని, సంచిలోని కొనుగోలు బిల్లులన్నీ కలిపి, ఆ మొత్తాన్ని అమ్మకంలోంచి తీసేసి కొత్త ఫారం నింపాను. మిగిలింది పరిమితికి ఎంతో కింద ఉంది. ఇంత తక్కువ సంపాదిస్తున్నానని తెలిసి ఇంత సంతోషపడటం నాకు అదే మొదటిసారి.