ఒర మీది ఎరుపు

నా దగ్గర పదకొండు రివాల్వర్ ఒరలు ఉన్నాయి. అన్నీ పాత సైన్యపు తోలు ఒరలే, అన్నీ ఖాళీవే. ఆయుధాల మీద నాకు ఆసక్తి లేదు. యంత్ర భాగాల కొలతలు సరిచూసే ఉద్యోగంలో ముప్ఫై ఏళ్ళు గడిపినవాణ్ణి. తోలును ఎవరు కోశారు, అంగుళానికి ఎన్ని కుట్లు వేశారు, ఎవరి నడుముకు వేలాడి ఎక్కడ అరిగింది, ఇవి తెలుసుకోవడమే నా వ్యసనం. మదనపల్లెలో మా ఇంటి ముందు గదిలో ప్రతి ఒరకూ ఒక చీటీ ఉంటుంది. కొన్నప్పటి స్థితి, చేసిన మరమ్మతు, తెలిసిన చరిత్ర అందులో రాస్తాను.

పన్నెండవదాని చీటీ మాత్రం నేను తప్పుగా రాశాను.

అది పుంగనూరులో పాత సామాన్ల అంగడిలో, ఇత్తడి చెంబుల కింద కనిపించింది. తిప్పి తిప్పి చూస్తుంటే అంగడాయన నవ్వాడు.

"ఏం సారూ, లోపల తుపాకి లేదని సూస్తాండావా? అది ఉండుంటే నేను ఈడ యాల కూర్సుంటాను, స్టేషన్లో కూర్సోబెట్టుందురు."

"ఎక్కడిది?"

"రామకుప్పం పక్క. ఇంటికి సున్నం కొట్టేటప్పుడు పాత ట్రంకుపెట్టి ఏసినారు. దాంట్లో ఉండాది."

ఇల్లు చేరాక ఫోటోలు తీసి, కొలిచి, చీటీ రాశాను. 'మూత పైన దళసరి జిడ్డు, పసుపు పచ్చని మరకలు, గుండీ పైన ఎర్రటి తుప్పు.' గుండీ ఇత్తడిది. ఇత్తడికి ఎర్ర తుప్పు రాదని నాకు తెలుసు. తెలిసే రాశాను, లోపల ఇనుప మేకు ఉండవచ్చని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒర ముందు అంచున, రివాల్వర్ గొట్టాన్ని శుభ్రం చేసే కడ్డీ పెట్టుకోవడానికి సన్నని తోలు గొట్టం కుట్టి ఉంటుంది. దాని అడుగు మూసి ఉంటుంది. లోతు కొలిస్తే ఉండవలసినదానికంటే నలభై మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. 'గడ్డకట్టిన పాలిష్' అని రాశాను.

తర్వాత మూడు రోజులు తోలు సబ్బుతో, మెత్తని గుడ్డతో ఆ జిడ్డంతా తీశాను. అడుగున నేరేడు రంగు తోలు బయటపడింది. మూత లోపల సిరాతో రాసిన సైనికుడి నంబరు తేలింది. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం దాచుకోను.

కుప్పంలో ఒక రిటైర్డ్ సుబేదారు ఉన్నారు. మాజీ సైనికుల కుటుంబాలకు పింఛను కాగితాలు రాసిపెడుతుంటారు. నంబరు పంపిన రెండు వారాలకు ఆయన ఫోన్ చేశారు. సైనికుడు సరిహద్దులో చనిపోయాడు. దహనం అక్కడే జరిగింది. ఇంటికి ఒక ట్రంకుపెట్టె వచ్చింది. నిబంధన ప్రకారం ఒర ప్రభుత్వపు సొత్తు, అందులో రాకూడదు. బట్టలు సర్దిన స్నేహితుడెవరో కావాలనే పెట్టి ఉంటాడని ఆయన అభిప్రాయం. భార్య పోయి చాలాకాలమైంది. ఒక్క కూతురు ఉంది, డెబ్బై దాటింది.

"రెండేండ్లుగా ఆయమ్మ దానికోసమే యెతుకులాడతా ఉండాది సార్," అన్నారు. "కోడలు తెలీక పాత సామాన్లోడికి ఏసేసింది. ఆయుధ పూజనాడు దాని జాగా అట్లే ఖాళీగా పెట్టి, ఎవురితోనూ మాట్లాడదంట."

ఆయుధ పూజ అనే మాట వినగానే చీటీ తీసి, 'ఎర్రటి తుప్పు' అని రాసినచోట మళ్ళీ చదివాను. మా ఇంట్లోనూ ప్రతి ఏడూ ఆ రోజు డ్రిల్లింగ్ యంత్రానికీ స్కూటరుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడతాం. పెట్టేది నేనే. గుండీ పైన నేను గీకి తీసింది ఏమిటో అప్పుడు అర్థమైంది.

ఆయుధ పూజ రోజునే వెళ్ళాను. కుప్పంలో సుబేదారు గారు నాతోపాటు బస్సెక్కారు. రాగి చేల నడుమ, ఏనుగులు రాకుండా కరెంటు కంచె వేసుకున్న ఊరు. నడవలో పీట వేసి కొడవలి, పార, స్ప్రేయరు, మనవడి సెల్‌ఫోన్ వరుసగా పెట్టారు. మధ్యలో జానెడు జాగా ఖాళీ. పీట పక్కన సైనికుడి కూతురు కూర్చుని ఉంది.

ఒరను ఆమె చేతికిచ్చాను. ఆమె బొటనవేలు నేరుగా గుండీ పైకి వెళ్ళి, అక్కడ తడిమి, ఆగిపోయింది.

"ఇది మాది కాదప్పా," అని తిరిగి ఇచ్చేసింది.

"సరిగ్గా సూడత్తా," అంది కోడలు. "ఇట్లాంటిదే."

"ఇచ్చేటప్పుడు సూసినావా నువ్వు, ఇప్పుడు నాకు సెప్పేదానికి? మా యమ్మ ఏటా పెట్టిన కుంకం గడ్డ కట్టి ఉంటాది. ఇది అంగట్లో కొత్తదాని మాదిరి ఉండాది."

చెప్పక తప్పలేదు. "నేనే తుడిచేశానమ్మా. మురికి అనుకున్నాను." తుడవకముందు తీసిన ఫోటోలు చూపించాను. ఆమె ఫోన్‌ను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది.

"ఫోటోలో దానికి కుంకం ఉండాది. నీ సేతిలో దానికి లేదు. రెండూ ఒకటేనని నాకెట్ల తెలుస్తాది?"

తనిఖీలో నేనైనా అదే ప్రశ్న అడిగేవాణ్ణి. నంబరు చూపించాను, ఆమెకు చదువు రెండో తరగతితో ఆగిపోయింది, తండ్రి నంబరు ఎప్పుడూ తెలియదు. సుబేదారు గారు ఏదో అనబోతే చేత్తో వారించింది. ఒర ముందు అంచు వైపు చూసి తానే అడిగింది.

"పక్కన సన్న గొట్టముంటాది. దాంట్లో ఏమన్నా ఉండాదా?"

"ఏదో అడ్డం ఉందమ్మా. నాలుగు సెంటీమీటర్లు."

"పూజకి అందురూ వాళ్ళ వాళ్ళ పనిముట్లు పెడతాంటే, నేను నా బలపం పెట్టినా. కింద పడతాదని ఆ గొట్టంలో దోపినా. మళ్ళా రాలా. మా యమ్మ కొట్టింది కూడా."

సంచిలోంచి సన్నని ఉక్కు సూది తీసి గొట్టం అడుగుదాకా దించాను. గట్టిగా తగిలింది. మెల్లగా గీకి, సూది మొనకు అంటిన పొడిని వేలితో గడప నల్లరాతి మీద రాశాను. బూడిద రంగు గీత పడింది.

ఆమె ఆ గీత మీద వేలు పెట్టింది. కోడలు గోడవైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బయటికి తియ్యమంటారా?" అన్నాను.

"యాల? ఉండనీ."

ఒరను పీట మీద ఖాళీ జాగాలో పెట్టింది. సరిగ్గా పట్టింది. తర్వాత కుంకుమ భరిణె నా వైపు జరిపింది.

"తుడిసింది నువ్వే కదప్పా. నువ్వే పెట్టు."

ఆముదం కలిపిన కుంకుమ కుట్ల దారాన్ని తినేస్తుందని నాకు తెలుసు. అయినా ఉంగరపు వేలు ముంచి, మూతకు సరిగ్గా మధ్యన పెట్టబోయాను.

"ఆడ కాదు," అంది ఆమె, నా మణికట్టు పట్టుకుని. "గుండీ పైన."