పెంటప్ప సోమవారం కుస్తీ

పెంటప్ప తాలీం గోదాలో కుస్తీలు పట్టడం మానేసి ఏడేళ్ళయింది. వాటి గురించి చెప్పడం మాత్రం ఒక్క సోమవారమూ మానలేదు.

అశోక్ చౌక్ వెనక సాలెవాళ్ళ వాడలో అతనిది మొదటి గది. కుడి మోకాలు వంగదు కాబట్టి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చోలేడు. అరుగు మీద రాట్నం వేసుకుని కండెలు చుడతాడు. ఆదివారం సాయంత్రం తాలీంకు వెళ్ళి కుస్తీలు చూసొస్తాడు. ఆడవాళ్ళు అక్కడికి పోయే ఆచారం లేదు. అందుకని సోమవారం మధ్యాహ్నం వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్ళంతా చాటలు ఒళ్ళో పెట్టుకుని అతని అరుగు చుట్టూ చేరేవాళ్ళు. ఎవడు ఎవణ్ణి ఎట్లా ఎత్తేశాడో పెంటప్ప కూర్చున్నచోటే చేతులతో చూపించేవాడు. కథ ఎటు తిరిగినా చివరికి తన మోకాలి దగ్గరికే వచ్చేది. కొల్హాపూర్ పహిల్వాన్ ఒకడు తన కాలు విరగ్గొట్టినా పట్టు వదలకుండా, అదే కాలి మీద లేచి తను వాణ్ణి వెల్లకిలా పడేశాడట!

కథ బాగుందో లేదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. తునికాకు కత్తిరించే కత్తెరల చప్పుడు ఆగిందంటే కథ పట్టిందన్నమాట. బీడీలు చుట్టేవాళ్ళు ఊరికే చేతులు ఆపరు.

పందొమ్మిది వందల యాభై అయిదులో, వానలు తగ్గాక, ఊరి బయట ఒక పెద్ద డేరా లేచింది. ప్రతి ఆదివారం టికెట్టు కుస్తీలు. తాలీంలోలాగా మట్టి లేదు, చుట్టూ తాళ్ళు కట్టిన చెక్క వేదిక. నల్ల ముసుగు పహిల్వాన్ అని ఒకడు, బిజిలీ సింగ్ అని ఇంకొకడు. ఎదురు గదిలో ఉండే యాదగిరి, మిల్లులో సాయంత్రం పాళీ చేసే పాతికేళ్ళవాడు, మొదటి వారమే చూసొచ్చి సోమవారం తన అరుగు మీద మొదలుపెట్టాడు. కూర్చుని చెప్పడం కాదు. దూకేవాడు, పడేవాడు, నెత్తికి నల్ల తువ్వాలు చుట్టుకుని గుర్రుమనేవాడు. రెండు మోకాళ్ళూ వంగేవాడికి ఏం, ఎన్నయినా చేస్తాడు!

మొదటి వారం ఇద్దరు అటు పోయారు. రెండో వారం దాదాపు అందరూ పోయారు. మూడో వారం పెంటప్ప పెళ్ళాం గంగమ్మ కూడా చాట పట్టుకుని లేచింది.

“నువ్వు గూడనా?”

“ఈడ ఎండ కొడ్తున్నది,” అంది గంగమ్మ. ఎండేమీ లేదు.

పెంటప్పకు యాదగిరి గొంతు నచ్చలేదు, మీసం నచ్చలేదు, వాడి అరుగు మీద పడే నీడ కూడా నచ్చలేదు. రాట్నం విసురుగా తిప్పితే దారం పుటుక్కున తెగింది. అంతలో అవతల కత్తెరలన్నీ ఒక్కసారిగా ఆగాయి. గంగమ్మ కత్తెర వదులై కిర్రుమంటుంది, అతనికి వేరుగా తెలుసు. అదీ ఆగింది. పదిహేనేళ్ళ కాపురంలో ఆమె మీద అతనికి అంత కోపం ఎప్పుడూ రాలేదు.

తరువాతి ఆదివారం ఎవరికీ చెప్పకుండా టికెట్టు కొని డేరాలో వెనక వరసలో కూర్చున్నాడు. బిజిలీ సింగ్ చేతిలో నల్ల ముసుగు పహిల్వాన్ మెడ విరిగింది. నలుగురు మోసుకుపోయారు. మర్నాడు పొద్దున చాయ్ తాగుదామని చౌక్‌లో హోటల్‌కు పోయిన పెంటప్ప గుమ్మంలోనే నిలబడిపోయాడు. మూల బల్ల దగ్గర బిజిలీ సింగ్ కూర్చున్నాడు. పక్కన ఇంకొకడు, వాడి చొక్కా జేబులోంచి నల్ల ముసుగు వేలాడుతోంది. ఇద్దరూ ఒకే ప్లేటులో భజ్జీలు తింటున్నారు.

పెంటప్ప చాయ్ మాట మరిచిపోయాడు. మధ్యాహ్నం యాదగిరి కథ మంచి పట్టులో ఉండగా కుంటుకుంటూ వాడి అరుగెక్కాడు.

“ఆపు యాదగిరీ! అంత ఝూట్! నిన్న మెడ ఇరిగినోడు పొద్దుగాల హోటల్ల భజ్జీలు తింటున్నడు, బిజిలీ సింగ్‌తోని ఒక్క ప్లేటుల! నా కండ్లతోని చూసిన!”

యాదగిరి మొహం మాడిపోయింది. వాడలో అందరికంటే పెద్దదైన యమునాబాయి చాటలోంచి తలెత్తకుండానే అంది.

“సరే, అయితే ఏంది? ఐతారం ఐతారం మెడ ఇరిగెటోడు మల్ల ఎట్ల లేస్తడు పెంటప్పా? గంత తెల్వదా మాకు?”

“తెలిసి ఇంటున్నరా?”

“మంచిగ చెప్తున్నడు, ఇంటున్నం.”

“నేను చెప్పినయి అసలైన కుస్తీలు! ఈ మోకాలే సాక్ష్యం!”

ఎవరో కిసుక్కున నవ్వారు. గంగమ్మ కత్తెర పక్కన పెట్టింది.

“ఊకో ఇగ. ఆ మోకాలుకు పసుపు కట్టు కట్టింది నేనే. మగ్గం గుంతల పడ్డ సంగతి వాడకంత ఎరుకే. అయినా ఏడేండ్లు ఇన్నం గద? ఎవలన్న ఎప్పుడన్న అడ్డమొచ్చిన్రా?”

పెంటప్పకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. యాదగిరి పరువు తీయబోయి తనదే పోగొట్టుకున్నాడు. ఆ అరుగు మీదే చతికిలబడ్డాడు. గంగమ్మ మళ్ళీ కత్తెర అందుకుంది.

“ఇంతకు గుంతల ఎట్ల పడ్డవు? గదొక్కటి మాకు చెప్పనే లేదు,” అంది యమునాబాయి.

పెంటప్ప ఈసారి చేతులు ఒళ్ళోనే పెట్టుకుని చెప్పాడు.

“కొల్హాపూరోడు వచ్చింది నిజమే. గంత పెద్ద పహిల్వాన్‌తోని పట్టుడు నాకు అదే మొదలు. తాలీం నుంచి నన్ను పిలువనీకి వచ్చిన్రు. నేను మగ్గం ఎనక దాక్కున్న. వాళ్ళు లోపటికి వస్తున్నరని ఇటు నుంచి అటు జరిగిన. కాలు గుంతల పడ్డది. టప్పుమన్నది. నొప్పి గాదు ముందుగాల... ఇగ పోయే పని లేదని సంబురమైంది.”

కిర్రుమనే కత్తెర ఆగింది. మిగిలినవి ఎప్పుడాగాయో అతను గమనించలేదు.

“భయపడ్డవా?” అంది గంగమ్మ. ఈ సంగతి ఆమెకు కూడా తెలియదు.

“భయమైందే.”

ఆమె చాట తీసుకుని దగ్గరికి జరిగింది. “మల్ల ఏమైంది?” అంది.

పెంటప్ప తలెత్తాడు. నల్ల తువ్వాలు చేతిలో నలుపుతూ యాదగిరి ఓ మూల నిలబడి ఉన్నాడు, తన అరుగు మీదే తనకు చోటు లేకుండా. వాడు ఆగిన కత్తెరల వంక ఎట్లా చూస్తున్నాడో పెంటప్పకు బాగా అర్థమైంది. తనూ ఇన్ని వారాలుగా అట్లాగే చూశాడు మరి. జరిగి వాడికి కొంచెం చోటిచ్చాడు. ఎక్కువేమీ కాదు.