ఖాళీ సీసాలో కప్ప

మా జువాలజీ సారు పోయిన్రని సోమవారం పొద్దున ఫోనొచ్చింది. సూర్యాపేట దవాఖానలో, గుండె ఆగి. కోదాడ నుంచి నేను పోయేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. బతికినన్నాళ్లు "కప్పల సారు" అని ఎగతాళి చేసినోళ్లే దండలేసి మహానుభావుడంటున్నరు. చచ్చినోని కండ్లు చారెడంటే ఇదే. నాకు ఏడుపు రాలే, ఒళ్లు మండింది.

చిలుకూరు దగ్గరి కుంటల ఒక అరుదైన కప్ప ఉందని సారు నమ్మకం. వానలకు నాలుగొద్దులు బయటకొచ్చి మళ్ల మట్టిలకు పోతదట. దాన్ని పట్టే పని లేదు. అది నీళ్లల్ల వదిలిన జిగట చాలు, ల్యాబుల డీఎన్ఏ దొరుకుతది. "కనబడలేదంటే లేదని కాదు బిడ్డా, మనకు సూసే తెలివి లేదని" అనేటోళ్లు. ఆ కుంటను మిల్లు బూడిదతో పూడ్చి ప్లాట్లు చేసుడే కొందరి ఆలోచన. కప్ప ఉందని రుజువైతే ఆపొచ్చు.

రిటైరైనంక సారుకు అదే పని, శిష్యురాలినని నేను తోడు. కుంటల కాలు పెట్టనిచ్చేటోళ్లు కాదు, చెప్పులకు ఇంకో కుంట బురద ఉంటదని. మిరపకాయ బజ్జీ తిన్న చేత్తో సీసా ముట్టుకుంటే ఇగ తిట్లే. "బజ్జీకి గూడ డీఎన్ఏ ఉంటదమ్మా!"

ప్రతిసారీ కుంటనీళ్లతో పాటు ఒక సీసా డిస్టిల్డ్ వాటర్ గూడ ల్యాబుకు పంపాలె. సారు దాన్ని ఖాళీ సీసా అనేటోళ్లు. అండ్ల ఏమీ దొరకొద్దు. దొరికితే మన చేతులదే తప్పు, రిపోర్టంతా చెల్లదు. పోయిన వానకాలం ఆ సీసా నా వంతు. నింపే ముందు సీసాను కడుగుడు చిన్నప్పటి నుంచి మా ఇంట్ల అలవాటు. ఆ కుంటనీళ్లతోనే కడిగి, డిస్టిల్డ్ వాటర్ నింపిన.

ల్యాబుల చూస్తే కుంటనీళ్లల్ల కప్ప దొరికింది. ఖాళీ సీసాల గూడ దొరికింది.

"ఆ ఒక్కటి రాయకండి సారూ, కుంట దక్కుతది" అని కాళ్లు పట్టుకున్నంత పని చేసిన.

"దొంగ రుజువుతో దక్కింది ఎన్నిరోజులుంటది బిడ్డా? మళ్ల వానలకు తీద్దాం" అన్నరు. నన్ను ఒక్క మాటనలే. తిట్టినా బాగుండు.

ఉన్నదున్నట్టు రాసి సర్కారు ఆఫీసుకు పంపిన్రు. ఆఫీసోళ్లు రుజువు లేదని పూడ్చనిచ్చి, నిమ్మకు నీరెత్తినట్టు కూసున్నరు. వానలైతే మళ్ల వచ్చినయి, సారు లేరు. నాకు పూడ్చేటోళ్ల మీద కోపం, సంతకం పెట్టినోళ్ల మీద కోపం, నా చేతుల మీద కోపం. సారు మీద గూడ కోపమే. ఒక్క సీసా దాస్తే ఏం కొంపలు మునుగుతుండె సారూ?

పదో దినమైన తెల్లారి కుంటకు పోయిన. సగం బూడిద, సగం నీళ్లు. ముందు ఖాళీ సీసాను కడగకుండ నింపి మూత బిగించిన. గ్లౌజులు మార్చి ఒడ్డున కూసొని కుంటనీళ్లు పడుతుంటే, ఎనుక టిప్పర్ వచ్చి ఆగింది. హారన్ మీద హారన్.

"అక్కా, జర జరుగు! లోడు దించాలె" అన్నడు డ్రైవర్.

"దించు, నా మీదనే దించు" అన్న.

ఆయన ఇంజన్ బంద్ చెయ్యలే. సీసా ఇంక సగమే నిండింది.