చెయ్యెత్తితే ఆగే బండి

రోడ్డు పక్కన ఎవరైనా చెయ్యెత్తితే చాలు, బాబాయి కాలు బ్రేకు మీదికి వెళ్ళిపోతుంది. ఎత్తినవాడు బండి కోసం ఎత్తాడా, తల గోక్కోవడానికి ఎత్తాడా అన్న విచారణ ఆ కాలికి అక్కర్లేదు. బస్టాండుకీ పెద్దాసుపత్రికీ మధ్య షేర్ వ్యాను తోలుతూ జుట్టు నెరిసిపోయిన మనిషి. వ్యాను కిక్కిరిసి ఉన్నా, తలుపు పట్టుకుని ఇద్దరు వేలాడుతున్నా, మలుపులో ఓ ముసలమ్మ చెయ్యెత్తిందంటే ఆపేసి, "కొంచెం లోపలికి జరగండమ్మా, ఆవిడ కూడా మనిషేగా" అనేవాడు. లోపలివాళ్ళు సణుక్కుంటూనే జరిగేవారు. వీధంతా ఆయన్ని బ్రేకు బాబాయి అంటుంది. ఆ లెక్కన ఆయన భార్య అందరికీ పిన్ని.

అసలు పిన్ని కూడా అలా చెయ్యెత్తిన మనిషే. ఓ వానాకాలం సాయంత్రం, బళ్ళన్నీ నీళ్ళు చిమ్ముకుంటూ పోతుంటే ఈయనొక్కడే ఆపాడు. పక్కన వాళ్ళమ్మ కూడా ఉంది. ఆ రోజు ఎక్కిన ఇద్దరూ ఇప్పటిదాకా దిగలేదని బాబాయి వాపోతుంటాడు. వాపోతున్నంతసేపూ మొహం మాత్రం వెలిగిపోతుంటుంది.

ఆసుపత్రి దాకా కొత్త రైలు పడింది. జనం చల్లగా అందులో కూర్చుని పోవడం మొదలుపెట్టారు. ఇంక గిట్టదని ఓనరు వ్యాను అమ్మేశాడు. బాబాయి ఇంట్లో కూర్చున్నాడు గానీ, కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. పిన్ని కుట్టుమిషను దగ్గరికి వెళ్ళి దారం అందిస్తానంటాడు, వంటింట్లోకి వెళ్ళి అత్తగారికి డబ్బాలు సర్దిపెడతానంటాడు. సర్దిన డబ్బాలు వెతుక్కోలేక అత్తగారికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆవిడే ఎక్కడో విని కబురు మోసుకొచ్చింది. ఊరి చివర పార్సిల్ కంపెనీవాళ్ళు డ్రైవర్లను తీసుకుంటున్నారు, శిక్షణ కూడా వాళ్ళే ఇస్తారు.

"వయసు చూసి నవ్వుతారేమో అత్తయ్యా" అన్నాడు బాబాయి.

"నవ్వితే నవ్వనివ్వండి అల్లుడుగారూ. మీరు ఇంట్లో ఉంటే నేను ఏడవాల్సొస్తోంది" అంది ఆవిడ.

వెళ్తే ఎవరూ నవ్వలేదు. గోడౌనంటే పొడుగాటి రేకుల షెడ్డు, వెనక్కి ఆనించి నిలబెట్టిన బళ్ళు, లోపల బెల్టు మీద పారుతున్న అట్టపెట్టెలు. శిక్షణ ఇచ్చేది ఓ మేడం. ఏళ్ళ తరబడి పెద్ద లారీలు తోలి గొంతు బొంగురుపోయిన మనిషి.

"మనుషుల్ని తోలినవాళ్ళు డబ్బాలు తోలడం ఓ లెక్కా అనుకుంటారు" అందావిడ మొదటి రోజే. "డబ్బా నోరు తెరిచి 'మెల్లగా పోనీ' అనదు బాబాయిగారూ. విరిగాక గానీ మీకు తెలీదు."

బాబాయి బుద్ధిగా నేర్చుకున్నాడు. చివరి ఇంటి పార్సిలు ముందు ఎక్కించాలి, మొదటి ఇంటిది తలుపు దగ్గర ఉండాలి. బరువెత్తేటప్పుడు నడుం కాదు, మోకాళ్ళు వంచాలి. బండి వెనక్కి తీసేముందు దిగి చుట్టూ ఓసారి నడిచి చూడాలి. అద్దంలో కనపడని చోటే పిల్లో, పిల్లాడో ఉంటారు. ఇవన్నీ ఆయనకు నచ్చాయి. ఒక్క నియమం మాత్రం గొంతులో ముల్లయింది. రాసిచ్చిన చోట తప్ప ఇంకెక్కడా బండి ఆపకూడదు, బయటివాళ్ళని ఎక్కించుకోకూడదు.

"జనం సూది కావాలన్నా ఇంటికే తెప్పించుకుంటున్నారు. ఈ పనికి ఇప్పట్లో కరువు రాదు" అని మేడం ఆశపెట్టింది. "ముందు చిన్న బండి. నిలదొక్కుకుంటే ఊళ్ళ మీద తిరిగే పెద్ద లారీ. ఓపికుంటే ఆ తర్వాత నా కుర్చీ."

కుర్చీ సంగతి దేవుడెరుగు, చిన్న బండే చేజారేలా ఉంది. రోడ్డు మీద పరీక్ష పెట్టే పెద్దాయన పక్కసీట్లో కూర్చుని పెదవి విప్పకుండా టిక్కులు పెట్టుకుంటూ పోతాడు. మొదటి పరీక్షలో బాబాయి గేరు మార్చిన తీరుకి టిక్కు, అద్దాలు చూసిన తీరుకి టిక్కు. ఆసుపత్రి మలుపులో ఎవరో కుర్రాడు రోడ్డు అవతల ఉన్న స్నేహితుణ్ణి చూసి చెయ్యెత్తాడు. బండి ఆగిపోయింది. ఆగితే ఆగింది, బాబాయి చనువుగా పెద్దాయన భుజం తట్టి, "కొంచెం లోపలికి జరగండి సార్" అన్నాడు.

పెద్దాయన జరగలేదు. ఆ కాగితం మీద అంత పెద్ద అడ్డగీత గోడౌనులో ఎవరూ చూసి ఎరగరు.

ఇంకొక్క అవకాశం ఉంది. అదీ పోతే ఈ వయసులో ఇంకెవరూ స్టీరింగు చేతికివ్వరని బాబాయికి తెలుసు. బండి లేకుండా బతకడం ఎలాగో మాత్రం ఆయనకు తెలీదు. మేడం మిగతా శిక్షణవాళ్ళని గోడౌను ఆవరణలో వరసగా నిలబెట్టి చేతులెత్తించింది. బాబాయి ప్రతి ఒక్కరి దగ్గరా ఆపాడు. ఒకడైతే నిజంగానే తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు. మేడం కూడా నవ్వాపుకోలేక అటు తిరిగింది.

"కాలు వద్దంటే వినదు గానీ, ఆ కంగారుని ఇంకో చోటికి మళ్ళించండి. వాళ్ళు చెయ్యెత్తితే మీరూ చెయ్యెత్తండి. పలకరించినట్టూ ఉంటుంది, బండి సాగినట్టూ ఉంటుంది" అందావిడ.

ఆ సాయంత్రమే ముందుగదిలో సాధన మొదలైంది. కుట్టుమిషను ముందు బాబాయి కూర్చున్నాడు, చేతుల్లో స్టీరింగుకి బదులు పళ్ళెం. అత్తగారు వంటింటి గుమ్మంలోంచి చెయ్యెత్తుకుని నడిచొచ్చింది. బాబాయి కాలు ఠక్కున మిషను తొక్కుడు మీద పడింది. సూది గిర్రున ఆడి, ఎవరిదో కొత్త చొక్కా జేబు మూసుకుపోయేలా కుట్టేసింది. పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది, తర్వాత ఆ కుట్టు విప్పుకుంటూ తిట్టింది.

"మళ్ళీ!" అంది అత్తగారు, వంటింట్లోకి వెనక్కి నడుస్తూ. ఆవిడకి కళ్ళు మసక, మోకాళ్ళ నొప్పులు. అయినా ఆ వారమంతా గుమ్మానికీ గోడకీ మధ్య ప్రయాణికురాలై తిరిగింది. బాబాయి కాలు మెల్లమెల్లగా దారికొచ్చింది, చెయ్యి లేవడం నేర్చుకుంది.

పరీక్ష ముందు రోజు మాత్రం ఆయన దిగులుగా పిన్ని పక్కన చేరాడు.

"ఆపకుండా పోవడం అలవాటైపోతే ఇంక నేనెవర్నే? ఆ రోజు వానలో మీమీద నీళ్ళు చిమ్మి పోయినవాళ్ళలో ఒకణ్ణేగా."

పిన్ని దారం పంటితో తెంపింది. "వాళ్ళు మావైపు కనీసం చూడలేదు. మీరు చూసి, పలకరించి వెళ్తారు. అయినా అసలు ఆగొద్దన్నదెవరు? పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గడప గడపకీ ఆగడమేగా మీ పని!"

బాబాయికి ప్రాణం కుదుటపడింది. ఆ మాటే నెమరేసుకుంటూ మర్నాడు బండెక్కాడు.

బస్టాండు దగ్గర ఎవరో చెయ్యెత్తారు. బాబాయి చెయ్యూపాడు, బండి సాగింది. బడి దాటాక ఇంకొకరు. అదీ గడిచింది. పెద్దాయన టిక్కులు పెడుతున్నాడు. బాబాయికి ధైర్యం వచ్చి, పెదాల మీద చిన్న ఈల కూడా మొదలైంది. ఆసుపత్రి మలుపు తిరిగేసరికి ఆ ఈల ఠక్కున ఆగిపోయింది. ఎండలో, చేతిసంచీతో, అత్తగారు నిలబడి ఉంది. కంటి డాక్టరుకి చూపించుకుని వస్తున్నట్టుంది. ఎదురుగా వస్తున్నది షేర్ వ్యాననుకుందో ఏమో, నిండుగా చెయ్యెత్తింది.

బాబాయి కాలు లేచింది. తనకి పిల్లనిచ్చిన మనిషి, వారం రోజులు నొప్పి మోకాళ్ళతో తనకోసం నడిచిన మనిషి. కాలు గాల్లో వణికింది గానీ బ్రేకుని తాకలేదు. చెయ్యి లేచింది. బండి ఆవిడ ముందునుంచి వెళ్ళిపోయింది. అద్దంలో ఆవిడ చిన్నదైపోతూ, ఇంకా చెయ్యెత్తుకునే ఉంది. బాబాయికి కళ్ళు చెమర్చాయి.

గోడౌనులో బండి ఆగాక పెద్దాయన మొదటిసారి నోరు విప్పాడు. "ఆసుపత్రి దగ్గర ఎందుకయ్యా అంతలా వణికావు? ఎవరావిడ?"

"మా అత్తగారండీ."

పెద్దాయన కాగితం ముందుకు లాక్కున్నాడు. "అత్తగారికే ఆపలేదంటే ఇంకెవరికీ ఆపవు" అని ఆఖరి టిక్కు పెట్టేశాడు.

ఉద్యోగం వచ్చింది గానీ ఆ వార్త ఇంటికి మోసుకెళ్ళడానికి బాబాయికి కాళ్ళు రాలేదు. గుమ్మంలోకి రాగానే అత్తగారి గొంతు ఖంగుమంది.

"ఎవడో దిక్కుమాలినవాడు! ముసలిదాన్ని, మండుటెండలో చెయ్యెత్తితే, పెళ్ళికెళ్తున్నవాడిలా చెయ్యూపుకుంటూ పోయాడు. వాడి బండి టైర్లు పేలిపోనూ!"

పిన్ని అవునవునంటూ మంచినీళ్ళు ఇస్తోంది. ఊరుకుంటే ఆ శాపం ఎవరో ఊరూపేరూ లేనివాడికి తగిలి ఊరుకునేది. బాబాయి వల్ల కాలేదు.

"అది నేనే అత్తయ్యా" అన్నాడు తల దించుకుని.

అత్తగారు చెంగుతో మొహం తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలో నవ్వు దాచుకోవడం కూడా ఉంది.

"తెలుసు లెండి. డాక్టరు చుక్కలేస్తే కళ్ళు మసకబారాయి గానీ, చెయ్యూపగానే పోల్చుకున్నాను. నేను నేర్పిన ఊపేగా అది. చెయ్యి దించేస్తే మీరు తడబడతారేమోనని అలాగే పట్టుకు నిలబడ్డాను. ఇంతకీ ఉద్యోగం వచ్చిందా?"

"వచ్చింది అత్తయ్యా."

"బతికిపోయారు. నాకోసం ఆపి పోగొట్టుకుని ఉంటే ఈ గడప తొక్కనిచ్చేదాన్ని కాదు" అని, నీళ్ళ గ్లాసు తను తాగకుండా ఆయన చేతిలో పెట్టింది.

ఇప్పుడు బ్రేకు బాబాయి పార్సిల్ బండి పొద్దున్నే గోడౌను నుంచి బయల్దేరుతుంది. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆగదు, ఎవర్నీ పలకరించకుండా పోదు. ఆసుపత్రి మలుపులో రోజూ నిలబడేవాళ్ళు ఊరికే సరదాకి చేతులెత్తుతుంటారు. వచ్చే ఏడాది పెద్ద లారీకి నేర్పిస్తానని మేడం అంటోంది. ఊళ్ళ మీద పడి తిరగడం కంటే చీకటి పడేలోపు ఇల్లు చేరే ఈ చిన్న బండే బాగుందని ఆయనకు లోలోపల ఉంది. ఇంకా తేల్చుకోలేదు.

ఆయన వంతు దారిలో తన సొంత వీధి కూడా ఉంది. ఆ వీధిలో ఒకే ఇంటికి మాత్రం పార్సిళ్ళు ఎక్కువ. ఓ రోజు దువ్వెన, ఓ రోజు దారపు ఉండ, నిన్నటికి నిన్న సూదుల పొట్లం. ఇంట్లో సూదులకి కొదవేముందని పిన్ని వాళ్ళమ్మ దగ్గర మొత్తుకుంటుంది. బాబాయి మాత్రం ఆ చిన్న పెట్టెని రెండు చేతులా పట్టుకుని దిగుతాడు. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుంది. సంతకం పెట్టడానికి ఆవిడకి చాలాసేపు పడుతుంది. ఆ కాసేపూ ఆయన నీడలో కూర్చుని చల్లటి నీళ్ళు తాగుతాడు.