మా చిన్నాయన వైకింగ్ అయిన సంగతి

మా చిన్నాయన ఆబిడ్స్‌లో చాలాసార్లు చచ్చిపోయాడు. మొసలి నోట్లో పడి, విమానంలోంచి జారి, పిచ్చి సైంటిస్టు చేతి ఇంజెక్షన్‌తో, తెలియక బాంబు మీద కూర్చుని. అన్నీ సాయంత్రం పూటే, ఎందుకంటే పగలు నాంపల్లిలో ఒక ఆఫీసులో గుమస్తా. చచ్చాక కింద చాయ్ తాగి ఇంటికి పోయేవాడు.

సూట్‌కేసుల దుకాణం పైన ఉన్న డబ్బింగ్ స్టూడియోలో ఆయన పని అది. ఎక్కడెక్కడివో చవక విదేశీ సినిమాలు కొని, తెలుగు మాటలు తగిలించి, ఆన్‌లైన్ ఛానల్లో పెట్టడం మా ఓనర్ వ్యాపారం. ఆ మాటలు రాసేది నేను. ప్రతి సినిమాలో చిన్నాయన కోసం ఒక "ఆ..." రాసేవాణ్ని. కాస్త సీనియర్ చావైతే "ఆఆ..." చిన్నాయన కోరిక మాత్రం ఒక్కటే. ఒక్క సినిమాలోనైనా హీరో గొంతు తనది కావాలి, విన్నవాళ్లు ఔ, వీడు హీరోనే అనుకోవాలి.

ఆ అవకాశం గడ్డాలు పెంచుకుని వచ్చింది. అది వైకింగుల సినిమా. వైకింగులంటే పాతకాలంలో చలిదేశాల నుంచి పడవలేసుకుని దోపిడీకి బయల్దేరినవాళ్లు. మా సినిమాలో మాత్రం పడవ ఒడ్డు దాటలేదు, దాటించే బడ్జెట్ లేదు. హీరో తండ్రిని శత్రువు చంపుతాడు, హీరో పగ తీర్చుకుంటాడు, కథ అంతే. రెండు సైన్యాల్లోనూ అవే మొహాలు. ఎన్ని ఊళ్లు తగలబడ్డా మంటల్లోంచి అదే మేక బయటికి పరుగెత్తింది. మొత్తం మీద నటన వచ్చింది దానికొక్కదానికే.

ఓనర్ మాత్రం మహా సంబరపడ్డాడు. "అందరికీ గడ్డాలున్నయిరా! పెదాలే కనవడ్తలేవు. ఏం మాట్లాడినా అతుకుతది." డబ్బింగ్‌లో పెదాలకు మాట కుదర్చడమే సగం చాకిరీ మరి. మామూలుగా హీరోకి గొంతిచ్చేవాడు టీవీ సీరియల్‌కు వెళ్లిపోవడంతో, గడ్డం చాటున ఎవరైతే ఏంటని చిన్నాయనను పిలిచాడు. ఒక్కటే షరతు పెట్టాడు. "అన్నా, హీరో భాష జర సాఫ్ ఉండాలె."

ఎక్కడా రాసి ఉండదు కానీ డబ్బింగ్‌లో అదొక కట్టుబాటు. ఏ దేశపు హీరో అయినా తెలుగు పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడాలి. గిట్లా, గట్లా అనే మన మాట రౌడీకో, వంటవాడికో, హీరో వెనకాల తిరుగుతూ తన్నులు తినేవాడికో పోతుంది. మంచుకొండల్లో పుట్టినా సరే, తన్నులు తినేవాడు మనోడే.

చిన్నాయన సుల్తాన్ బజార్ వెనక కిరాయి ఇంట్లో, స్నానాల గదిలో సాధన మొదలుపెట్టాడు. "తండ్రీ! నీ ఋణం తీర్చుకుంటాను! శత్రువు రక్తంతో ఈ నేలను తడుపుతాను!"

"నేలంత ఎప్పుడో తడిసింది గని, బయటికి రా," అంది చిన్నమ్మ. "నల్లా బందయ్యే టైమైంది."

రికార్డింగు మొదటి సగం బాగానే సాగింది. తర్వాత తండ్రి చనిపోయే సీను వచ్చింది. హీరో కెమెరాకు వీపు పెట్టి శవం పక్కన మోకరిల్లుతాడు. అలాగే ఉంటాడు. ఇంకా ఉంటాడు. కెమెరా ఆపడం మర్చిపోయి టిఫిన్‌కు వెళ్లారేమో అన్నంత సేపు. అసలు సినిమాలో గాలి హోరు, చివర హీరో ఒకసారి గుర్రుమనడం, అంతే. నేను రాసింది ఒక్క ముక్క: "తండ్రీ! పగ తీర్చుకుంటాను!"

చిన్నాయన ఆ ముక్క అన్నాడు. హీరో వీపు ఇంకా తెర మీదే ఉంది. మా వైపు ఎవరైనా పోతే ఊరికే ఏడవరు. పోయినవాళ్లు ఏం తిన్నారో, ఏ పని సగంలో వదిలారో రాగం తీసి చెప్పుకుంటూ ఏడుస్తారు. శోకం పెట్టడం అంటారు దాన్ని. ఎదురుగా శవం, ఖాళీగా మైకు. చిన్నాయన అందుకున్నాడు.

"ఓ నాయినా... నా నాయినా! పొద్దుగాల మేకకు మేతేస్తివి గదనే! గింత సలిల గొంగడన్న కప్పుకోకపోతివి గదనే! పడవకు తారు పూస్తనంటివి, సగం పూసి పోతివి గదనే! గా సగం పడవ నేనేం జేసుకోనే నాయినా!"

సౌండ్ ఇంజినీరు ఆపలేదు, నేనూ ఆపలేదు. తర్వాత విన్న ఓనర్ తల పట్టుకున్నాడు. "హీరో గట్ల ఏడుస్తడా?"

"నాయిన వోతె గట్లనే ఏడుస్తరు," అన్నాడు చిన్నాయన.

మళ్లీ చేయడానికి వ్యవధి లేదు. సినిమా సాయంత్రమే వస్తుందని ఛానల్లో అప్పటికే చెప్పేశారు. అలాగే పెట్టేశారు.

జనం విరగబడి చూశారు. విరగబడి నవ్వారు. "భయ్యా, గీ వైకింగ్‌ది ఏ జిల్లా?" "వీళ్లది ఖైరతాబాద్ అని నాకు ముందే డౌటు." "ఏడ్సుడు అయినంక కత్తి తీస్తడా, దినాలు గూడ చేసి తీస్తడా?" చరిత్రను వక్రీకరించినందుకు క్షమాపణ చెప్పాలని ఒకాయన పట్టుబట్టాడు, ఎవరికి చెప్పాలో మాత్రం రాయలేదు. ఆ శోకం ముక్క ఒక్కటే కోసి ఫోన్లలో తిప్పారు. అది ఆఫీసుకూ చేరింది. మధ్యాహ్నం పక్క సీటాయన టిఫిన్ డబ్బా మూత తీసి, "ఓ నాయినా, మల్ల పప్పే తెస్తివి గదనే," అన్నాడట. చిన్నాయన స్టూడియోకు రావడం మానేశాడు.

ఓనర్ నన్ను వెంటేసుకుని నాంపల్లి స్టేషన్ దగ్గరి హోటల్లో ఆయన్ను పట్టుకున్నాడు.

"అన్నా, సూపర్ హిట్టు! ఇంకో వైకింగ్ సినిమా తెచ్చిన. సినిమా మొత్తం గట్లనే కామెడీ చెయ్. ఎనక డప్పు మ్యూజిక్ కొడ్తం."

"నేను కామెడీ జెయ్యలే."

"మరేం జేసినవ్?"

"ఏడ్సిన."

ఓనర్ నా వైపు చూశాడు. నేను చాయ్‌లో ముంచిన బిస్కెట్ తెగి అడుగుకు పోయింది. ఆ బల్ల దగ్గర ఎవరూ దానికి శోకం పెట్టలేదు.

ఓనర్‌ను అక్కడే వదిలి ఇద్దరం నడిచి వస్తుంటే చిన్నాయన అడిగాడు. "నిజం చెప్పురా. హీరో లెక్క వినవడలేదా?"

"వినవడ్డది చిన్నాయినా. దినాల కాడ హీరో లెక్క."



చిన్నమ్మ ఆయన సినిమా ఒక్కటీ చూసి ఎరగదు. ఎట్లాగూ చస్తవు గద, చూసుడెందుకు అనేది. ఈసారి చావలేదని తెలిసి, ఆదివారం చిక్కుడుకాయలు ముందేసుకుని టీవీ ముందు కూర్చుంది. చిన్నాయన వంటింటి గుమ్మంలో నిలబడి ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. మేక కంటే అధ్వానంగా. శోకం మొదలవగానే నవ్వు ఆపుకోవడానికి నేను బుగ్గలు లోపలివైపు కొరుక్కున్నాను. చిన్నమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఏందిరా గీళ్లు? పోరడు గంతగనం ఏడుస్తుంటె ఒక్కడన్న రెక్క పట్టి లేపడేంది? గా ఎర్ర గడ్డపోన్ని చూడు, స్తంభం లెక్క నిలవడ్డడు. జర నీళ్లన్న తాపున్రి వానికి!" కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"చిన్నమ్మా, అది చిన్నాయిన గొంతే."

"నాకు తెల్వదా? అయితేంది? నాయిన వోయిండు గద వానికి."

చిన్నాయన గుమ్మంలోంచి కదిలి, ఫోన్ తీసి ఓనర్‌కు కొట్టాడు. "చేస్త. గని డప్పు వెడితె రాను. నవ్వెటోళ్లు నవ్వుతరు, నవ్వున్రి అని నువ్వు చెప్పకు."

అవతల ఓనర్ ఏమన్నాడో కానీ, ఫోన్ జేబులో పెట్టుకున్న తీరు చూస్తే ఒప్పుకున్నట్టే ఉంది.

"పగ తీర్చుకుంటడా?" అంది చిన్నమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా.

"తీర్చుకుంటడు. ఇంకో గంట వడ్తది."

"గంటనా! అయితె అన్నం తిందం పా. గా దుష్మన్‌గాడు ఎటు వోతడు?"

రిమోట్ నొక్కింది. హీరో కత్తి సగం దూసి ఆగిపోయాడు. మిగతా పగ చిన్నాయన అన్నం కలుపుకుంటూ నోటితోనే తీర్చాడు. గొంతు పెంచి, శత్రువు మెడ మీద వేటు పడే చోటికి వచ్చేసరికి చిన్నమ్మ గరిటె ఎత్తి, చారు పొయ్యాల్నా అని అడిగింది.

పొయ్యమన్నాడు.